పది ప్రశ్నల మూర్తిమత్వ పరీక్ష ఎంతవరకు నమ్మదగినది?

మనిషి స్వభావాన్ని కొలిచి సంఖ్యల్లో చెప్పాలన్న ప్రయత్నం మనోవిజ్ఞానశాస్త్రంలో నూరేళ్లకు పైబడినదే అయినా, ఆ పనిని ఒక్క నిమిషంలో, పదే పది వాక్యాలతో ముగించవచ్చునన్న ప్రతిపాదన మాత్రం ఈ శతాబ్దారంభంలోనే పరిశోధన పత్రికలకెక్కింది. ఆస్టిన్ నగరంలోని టెక్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన శామ్యూల్ గోస్లింగ్, పీటర్ రెంట్‌ఫ్రో, విలియం స్వాన్ 2003లో పది అంశాల మూర్తిమత్వ శోధికను ప్రచురించారు. అప్పటికే విస్తృతంగా వాడుకలో ఉన్న 44 అంశాల ప్రశ్నావళి నుంచి పదింటిని ఏరి, ఇంగ్లిషు, జర్మన్ భాషల్లో పరీక్షించి, బియాట్రిస్ రామ్‌స్టెట్, ఒలివర్ జాన్ 2007లో మరో పొట్టి ప్రశ్నావళిని రూపొందించారు. నేడు ఇవీ, వీటి తరహాలో వచ్చిన మరికొన్నీ మనోవిజ్ఞానంలోనే కాక ఆర్థికశాస్త్రం, రాజనీతిశాస్త్రం, ప్రజారోగ్యం వంటి రంగాల సర్వేల్లోనూ వాడుకలో ఉన్నాయి. కాబట్టి ఒక్కో గుణానికి రెండేసి ప్రశ్నలతో రాబట్టిన సంఖ్యల ఆధారంగా చేసే నిర్ధారణలు ఎంతవరకు నిలుస్తాయన్నది కొద్దిమంది నిపుణులకే పరిమితమై ఉండిపోవలసిన చర్చ కాదు.

ఈ ప్రశ్నావళులన్నిటికీ పునాది పంచగుణ సిద్ధాంతం. మనుషుల స్వభావాల్లోని తేడాలను బహిర్ముఖత, సామరస్యం, కార్యనిష్ఠ, ఉద్వేగ స్థిరత, కొత్తదనాన్ని ఆహ్వానించే గుణం అనే ఐదు విశాలమైన శీర్షికల కింద చాలావరకు వర్ణించవచ్చునని ఆ సిద్ధాంతం చెబుతుంది. పొట్టి ప్రశ్నావళిలో ఒక్కో గుణానికి సాధారణంగా రెండు అంశాలుంటాయి. వాటిలో ఒకటి ఆ గుణం ఉన్నట్టు, మరొకటి లేనట్టు చెప్పే వాక్యం. సమాధానమిచ్చేవారు ఆ వర్ణన తమకు ఎంతవరకు సరిపోతుందో ఐదు లేదా ఏడు మెట్ల మాపని మీద గుర్తిస్తారు. పరిశోధకులు వ్యతిరేక వాక్యానికి వచ్చిన అంకెను తిరగేసి, రెండింటి సగటు తీసి, దాన్నే ఆ వ్యక్తి కార్యనిష్ఠ అనో బహిర్ముఖత అనో లెక్కలోకి తీసుకుంటారు.

ఇంత పొట్టిగా అడగడానికి కారణాలు లేకపోలేదు. 1992లో పాల్ కోస్టా, రాబర్ట్ మెక్‌క్రే వెలువరించిన సవివరమైన శోధికలో 240 అంశాలున్నాయి. వేలాది కుటుంబాలను ఏటేటా కలిసి ఆదాయం, ఆరోగ్యం, ఉద్యోగం వంటివన్నీ అడిగే సర్వేలో దానికి చోటు దొరకదు. అందుకే జర్మనీ సామాజిక-ఆర్థిక కుటుంబ సర్వే 2005లో తొలిసారి ఐదు గుణాలను కొలవబూనినప్పుడు 15 అంశాలతో సరిపెట్టుకుంది. పైగా ప్రశ్నలు పెరిగితే సమాచారం కూడా అదే లెక్కన పెరుగుతుందనుకోవడం పొరపాటు. మిర్తా గలేసిక్, మైఖేల్ బోస్‌న్యాక్ 2009లో ప్రచురించిన ఇంటర్నెట్ సర్వే ప్రయోగంలో 10, 20, 30 నిమిషాలు పడుతుందని వేర్వేరు బృందాలకు ముందే చెప్పినప్పుడు, చెప్పిన వ్యవధి పెరిగేకొద్దీ మొదలుపెట్టినవారూ పూర్తిచేసినవారూ తగ్గారు. చివర్లో వచ్చిన ప్రశ్నలకు సమాధానాలు తొందర తొందరగా, పొడిపొడిగా, వరుసగా ఒకే గడిలో గీత పెట్టినట్టుగా వచ్చాయి. విసిగిపోయిన మనిషి ఇచ్చే రెండువందలవ సమాధానం కంటే శ్రద్ధగా ఇచ్చిన పదో సమాధానం విలువైనదన్న వాదనకు ఇక్కడ బలముంది.

అయితే పొట్టిదనానికి చెల్లించే మూల్యం ఎంతో తెలియాలంటే ముందుగా విశ్వసనీయత అనే భావన స్పష్టపడాలి. ఏ కొలతలోనైనా కొంత నిజమైన పరిమాణమూ, కొంత యాదృచ్ఛిక దోషమూ కలిసి ఉంటాయి. ఒక వాక్యాన్ని తప్పుగా అర్థం చేసుకోవడం, ఆ పూట మనసు బాగాలేకపోవడం, నాలుగుకు ఐదుకు మధ్య ఊగి ఏదో ఒకటి గుర్తించడం వంటివన్నీ ఆ దోషంలో భాగాలే. వ్యక్తుల మార్కుల్లో కనిపించే తేడాల్లో నిజమైన తేడా వంతు ఎంతో చెప్పే నిష్పత్తే విశ్వసనీయత. అది 0 అయితే కొలతంతా దోషమే, 1 అయితే దోషమే లేదు. ఒకే గుణాన్ని అడిగే అంశాలు పెరిగేకొద్దీ యాదృచ్ఛిక దోషాలు కొంత ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి కనుక విశ్వసనీయత పెరుగుతుంది. ఎంత పెరుగుతుందో లెక్కగట్టే సూత్రాన్ని చార్లెస్ స్పియర్‌మన్, విలియం బ్రౌన్ 1910లో విడివిడిగా ప్రకటించారు. ఆ సూత్రం ప్రకారం అంశాల మధ్య సహసంబంధం, అంటే ఒకదానితో పాటు మరొకటి హెచ్చుతగ్గులు చూపే తీరు, 0.30 ఉంటే రెండు అంశాల మాపనికి విశ్వసనీయత 0.46, నాలుగింటికి 0.63, పదింటికి 0.81 వస్తుంది. అంశాలు పెంచడంలో దక్కే లాభం మొదట్లో చాలా ఎక్కువగా ఉండి, తరువాత క్రమంగా తగ్గుతుందన్నది ఈ సంఖ్యల్లో గమనించవలసిన సంగతి.

ఆచరణలో అత్యధికంగా వాడే కొలమానం లీ క్రాన్‌బాక్ 1951లో వివరించిన ఆల్ఫా గుణకం. ఇది ఒకే గుణానికి చెందిన అంశాలు తమలో తాము ఎంత పొందికగా ఉన్నాయో చెబుతుంది, 0.70 దాటితే పరిశోధనకు సరిపోతుందనే ఆనవాయితీ చాలా రంగాల్లో స్థిరపడింది. గోస్లింగ్ బృందం తమ పది అంశాల శోధికకు ప్రకటించిన ఆల్ఫాలు చూస్తే ఈ ఆనవాయితీకి అలవాటుపడినవారు ఉలిక్కిపడతారు: ఉద్వేగ స్థిరతకు 0.73, బహిర్ముఖతకు 0.68, కార్యనిష్ఠకు 0.50, కొత్తదనాన్ని ఆహ్వానించే గుణానికి 0.45, సామరస్యానికి కేవలం 0.40. కానీ అదే శోధికను ఆరు వారాల తరువాత అదే మనుషులకు మళ్లీ ఇచ్చినప్పుడు రెండు విడతల మార్కుల మధ్య సహసంబంధం సగటున 0.72 వచ్చింది, 0.40 ఆల్ఫా ఉన్న సామరస్యానికి సైతం అది 0.71. లోపల పొందిక లేని కొలత, కాలం గడిచినా అంత నిలకడగా ఎలా ఉండగలిగిందన్న ప్రశ్న దగ్గరే ఈ చర్చలోని అసలు విషయం ఉంది.

ఆల్ఫా 0.40 అంటే ఆ రెండు అంశాల మధ్య సహసంబంధం సుమారు 0.25 మాత్రమే. ఆ అంశాల్లో ఒకటి ఇతరుల పట్ల సానుభూతి, ఆత్మీయత చూపే తీరును అడుగుతుంది. రెండోది తప్పులెన్నే, తగువులాడే స్వభావాన్ని అడుగుతుంది. ఇరుగుపొరుగు కష్టానికి అందరికంటే ముందు పరుగెత్తే మనిషే పంచాయతీలో మాట పడనివ్వకుండా వాదించేవాడై ఉండటం అరుదేమీ కాదు. అలాంటివాడు మొదటి అంశానికి ఏడూ, రెండోదానికి ఆరూ గుర్తిస్తే, అవి రెండూ అతని గురించి నిజాలే. ఆరు వారాల తరువాత అడిగినా దాదాపు అవే సమాధానాలు చెబుతాడు. సామరస్యమనే విశాలమైన గుణంలోని రెండు వేర్వేరు మూలల నుంచి శోధిక రూపకర్తలు ఉద్దేశపూర్వకంగా ఒక్కో అంశాన్ని తీసుకున్నారు కాబట్టి వాటి మధ్య పొందిక తగ్గింది. ఈ తగ్గుదలను దోషమని కొట్టిపారేయడం తొందరపాటే అవుతుంది.

దీనికి ఎదురుగా, ఆల్ఫాను పెంచడమే ధ్యేయంగా పెట్టుకుని ప్రశ్నలను ఏరితే జరిగేదేమిటో రేమండ్ కాటెల్ చాలాకాలం కిందటే హెచ్చరించాడు. నలుగురిలో ఉండటం ఇష్టమా, జనంతో కాలం గడపడం ఇష్టమా, ఒంటరిగా ఉండటం కంటే తోడు ఉండటం మేలనిపిస్తుందా అని ఒకే మాటను మూడు రకాలుగా అడిగితే ఆల్ఫా అమాంతం పెరుగుతుంది; కానీ బహిర్ముఖతలోని చొరవ, చురుకుదనం, ఉల్లాసం వంటి పార్శ్వాలన్నీ కొలతలోంచి జారిపోతాయి. ఒక చిన్న విషయాన్ని ఉబ్బించి పెద్ద గుణంగా చూపించే ఈ పద్ధతి కంటే తక్కువ ఆల్ఫా ఉన్న విశాలమైన జతే మేలు. మెక్‌క్రే, ఆయన సహచరులు 2011లో ప్రచురించిన విశ్లేషణలోనూ, ఒక మాపని కాలక్రమంలో నిలకడగా ఉండటం, తెలిసినవారి అంచనాలతో సరిపోవడం వంటి సప్రమాణతా లక్షణాలను పునఃపరీక్షా విశ్వసనీయత, అంటే అదే పరీక్ష మళ్లీ ఇచ్చినప్పుడు రెండు విడతల మార్కుల మధ్య ఉండే పొంతన, ముందుగా సూచించగా, అంతర్గత పొందిక ఆ పని చేయలేకపోయింది. సప్రమాణత అంటే ఒక పరీక్ష దేన్ని కొలుస్తానంటుందో దాన్నే కొలవడం. విశ్వసనీయత దానికి అవసరమే గాని దానితో సమానం కాదు. అందువల్ల పొట్టి ప్రశ్నావళిని ఆల్ఫా ఒక్కటి చూసి తిరస్కరించడం ఎంత తప్పో, ఆల్ఫా ఒక్కటి చూసి ఆమోదించడమూ అంతే తప్పు.

ఇంతవరకు చెప్పినది పొట్టి ప్రశ్నావళికి అనుకూలమైన వాదన. దాని బలహీనత వేరేచోట, మరింత లోతుగా ఉంది. అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునంటారు. అయితే ఆ పరీక్ష పనిచేసేది ఒకే కుండలో, ఒకే నీటిలో ఉడికిన మెతుకులన్నీ ఒక్క తీరుగా ఉంటాయి కాబట్టి. మూర్తిమత్వ గుణం అలాంటిది కాదు. 240 అంశాల శోధిక కార్యనిష్ఠను సామర్థ్యం, క్రమబద్ధత, కర్తవ్యపాలన, సాధించాలన్న తపన, స్వీయ క్రమశిక్షణ, ఆచితూచి వ్యవహరించడం అనే ఆరు పార్శ్వాలుగా విడదీసి, ఒక్కోదాన్ని ఎనిమిది అంశాలతో కొలుస్తుంది. రెండు అంశాలతో అడిగినప్పుడు కనీసం నాలుగు పార్శ్వాలు నేరుగా అడగకుండానే మిగిలిపోతాయి, మిగిలిపోయినవాటిలోనే ఒక పరిశోధనకు కావలసిన పార్శ్వం ఉండవచ్చు. మార్కస్ క్రెడే, ఆయన సహరచయితలు 2012లో వేర్వేరు పొడవుల మాపనులను పోల్చి చూసినప్పుడు, గుణానికి ఒకటి రెండు అంశాలున్న మాపనులు ఇతర ఫలితాలను ముందుగా సూచించే శక్తిలో గణనీయంగా వెనకబడ్డాయి. మరికొన్ని అంశాలు చేర్చిన మాత్రానే ఆ నష్టంలో చాలా భాగం పూడింది. రామ్‌స్టెట్, జాన్ కూడా సామరస్యం దగ్గర ఈ ఇబ్బందిని గుర్తించి, వీలున్నచోట ఆ గుణానికి మూడో అంశం చేర్చుకోవచ్చునని సూచించారు.

పొట్టి రూపాన్ని సమర్థించేటప్పుడు తరచూ చూపే ఒక ఆధారాన్ని ఇక్కడ జాగ్రత్తగా చదవాలి. పది అంశాల రూపానికీ, 44 అంశాల మాతృకకూ మధ్య సహసంబంధం సగటున 0.83 ఉందని 2007 వ్యాసం చూపింది; ఈ సంఖ్య ఘనంగానే ఉంది. కానీ ఆ పది అంశాలూ 44లో భాగమే కాబట్టి ఆ పోలికలో ఒకే సమాధానం, దానిలోని దోషంతో సహా, రెండు వైపులా లెక్కకు వస్తుంది. గ్రెగరీ స్మిత్, డెనిస్ మెకార్తీ, క్రిస్టెన్ ఆండర్సన్ పొట్టి పరీక్షల తయారీలో జరిగే పొరపాట్లను 2000లో సమీక్షిస్తూ ఈ పద్ధతిని ప్రత్యేకంగా తప్పుబట్టారు. పొట్టి రూపాన్ని విడిగా, స్వతంత్రంగా ఇచ్చి చూస్తేగాని అసలు పొంతన తెలియదని వారి వాదన. వారి మాట సబబైనది.

తక్కువ విశ్వసనీయత పరిశోధన ఫలితాలను రెండు విధాలుగా చెడగొడుతుంది. మొదటిది 1904లోనే స్పియర్‌మన్ గుర్తించిన క్షీణత: దోషం కలిసిన కొలతలో నిజమైన సంబంధం బలహీనంగా కనిపిస్తుంది. ఒక గుణానికీ ఒక ఫలితానికీ మధ్య అసలు సహసంబంధం 0.30 ఉండి, ఆ గుణాన్ని 0.49 విశ్వసనీయతతో కొలిస్తే కనిపించేది 0.21 మాత్రమే, 0.30ను పట్టుకోవడానికి సుమారు 85 మంది చాలిన చోట 0.21ను పట్టుకోవడానికి సుమారు 175 మంది కావాలి. ప్రశ్నలు తగ్గించి ఆదా చేసిన ఖర్చు మనుషులను పెంచడంలో తిరిగి వస్తుందన్నమాట. అయినా ఇది అంత ప్రమాదకరమైన నష్టం కాదు, ఎందుకంటే దీని గురించి పరిశోధకులకు తెలుసు, పెద్ద సర్వేల్లో మనుషులకు కొదవ ఉండదు.

రెండోది మాత్రం పెద్ద సర్వేల్లోనే ఎక్కువగా ముదురుతుంది, పైగా అది సులభంగా కంటికి కనబడదు. కార్యనిష్ఠ ప్రభావాన్ని మినహాయించిన తరువాత కూడా ఫలానా అలవాటుకూ ఆరోగ్యానికీ సంబంధం ఉందని చెప్పే అధ్యయనాలు అనేకం. మూడో కారణం వల్ల ఏర్పడిన సంబంధాన్ని గణితపరంగా తొలగించి చూడటాన్నే ఇక్కడ మినహాయించడం అంటారు. రోజూ పత్రిక చదవడానికీ పరీక్షలో మార్కులకూ మధ్య సహసంబంధం 0.25 ఉందనీ, అది పూర్తిగా కార్యనిష్ఠ వల్లనే వచ్చిందనీ, ఆ రెండింటితోనూ కార్యనిష్ఠకు 0.50 సంబంధం ఉందనీ లెక్క కోసం అనుకుంటే, కార్యనిష్ఠను దోషం లేకుండా కొలిచి మినహాయించినప్పుడు పత్రికకూ మార్కులకూ మధ్య మిగిలే సంబంధం సున్నా కావాలి. విశ్వసనీయత 0.90 అయితే మిగిలేది 0.03, విశ్వసనీయత 0.50కి దిగజారితే మాత్రం 0.14 మిగులుతుంది. లేని సంబంధం ఉన్నట్టు తేలిందన్నమాట. వెయ్యి మందిని సర్వే చేస్తే ఈ 0.14 యాదృచ్ఛికం కాదని గణాంక పరీక్షలు గట్టిగా చెబుతాయి. పదివేల మందిని చేస్తే మరింత గట్టిగా చెబుతాయి. జేకబ్ వెస్ట్‌ఫాల్, టాల్ యార్కోనీ 2016లో ఈ సమస్యను సవిస్తరంగా నిరూపిస్తూ, మనుషుల సంఖ్య పెరిగేకొద్దీ ఇలాంటి తప్పుడు నిర్ధారణలు తగ్గకపోగా పెరుగుతాయని చూపారు. రెండు ప్రశ్నల కార్యనిష్ఠను మినహాయించి మిగిలినదంతా తమ పరిశీలనాంశానిదేనని ప్రకటించే వ్యాసాలను ఈ లెక్క గుర్తుపెట్టుకుని చదవాలి.

ఇక్కడిదాకా ప్రస్తావించిన అంకెల్లో ఎక్కువ భాగం అమెరికా, ఐరోపాల్లో చదువుకున్నవారు స్వయంగా చదివి గుర్తించిన సమాధానాల నుంచి వచ్చినవి. రషీద్ లాజాజ్, కారెన్ మకూర్ తదితరులు 2019లో 23 అల్పాదాయ, మధ్యాదాయ దేశాల్లో ముఖాముఖి జరిగిన సర్వేల్లోని 94,751 మంది సమాధానాలను పరిశీలించగా, ఒకే గుణానికి చెందిన అంశాలు ఒక దగ్గర చేరక, ఐదు గుణాల నిర్మాణమే చాలాచోట్ల చెదిరిపోయింది. ఇంటర్నెట్‌లో స్వయంగా పాల్గొన్నవారి సమాధానాల్లో ఆ నిర్మాణం చాలావరకు నిలిచింది. 2010, 2014 మధ్య జరిగిన ప్రపంచ విలువల సర్వే ఆరో విడతలో పది అంశాల ప్రశ్నావళిని వాడిన దేశాల సమాచారాన్ని స్టీవెన్ లూడెకే, ఎరిక్ గానర్ లార్సెన్ 2017లో తిరగేసి చూసినప్పుడు, ఒకే గుణాన్ని కొలవవలసిన రెండు అంశాలు పొంతన లేకుండా, కొన్నిచోట్ల ఎదురు దిశల్లో సాగడం బయటపడింది.

ఇందుకు ప్రధానమైన కారణాల్లో ఒకటి సమ్మతి ధోరణి, అంటే అడిగినదేదైనా ఔననే అలవాటు. ఇంటికి వచ్చి, మర్యాదగా కూర్చుని, కాగితం చూసి చదివే ఉద్యోగి మాటకు కాదనడం చాలామందికి ఇష్టం ఉండదు. పని పూర్తి శ్రద్ధతో చేస్తారన్నా ఔనంటారు, బద్ధకం ఎక్కువన్నా ఔనంటారు. అనుకూల, ప్రతికూల వాక్యాల జత ఈ ధోరణిని సగటులో కొంత రద్దు చేస్తుంది గాని, ఆ ధోరణి జతలోని పొందికను మాత్రం బాగా దెబ్బతీస్తుంది, పైగా దోషాన్ని పంచుకోవడానికి మరో అంశం ఉండదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ గ్రామాల్లోనూ ఇంటింటి సర్వేల్లో ప్రశ్నలు చదివి వినిపించే పద్ధతే ఎక్కువ కాబట్టి, పరాయి దేశపు కళాశాల విద్యార్థుల మీద లెక్కగట్టిన విశ్వసనీయతను ఇక్కడి సర్వే నివేదికలో ఎత్తి రాసి ఊరుకోవడం శాస్త్రీయం అనిపించుకోదు.

సమూహాల సగటుల సంగతి ఇలా ఉంటే, ఒక్కో వ్యక్తి విషయానికి వచ్చేసరికి పరిస్థితి మరింత స్పష్టంగా ఉంటుంది. సగటు 50, ప్రామాణిక విచలనం (మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) 10 ఉండేలా మార్చిన మాపని మీద ఒక అభ్యర్థికి కార్యనిష్ఠలో 60 వచ్చిందనుకుంటే, విశ్వసనీయత 0.90 ఉన్నప్పుడు దాని చుట్టూ ఉంచవలసిన దోషపరిధి సుమారు 54 నుంచి 66 వరకు, విశ్వసనీయత 0.50 అయితే అది 46 నుంచి 74 వరకు విస్తరిస్తుంది. అంటే ఆ వ్యక్తి సగటు కంటే కాస్త తక్కువవాడో, అందరిలో అరుదైన నిష్ఠాపరుడో కూడా ఆ పరీక్ష చెప్పలేదు. వ్యక్తుల భవిష్యత్తును నిర్ణయించే పరీక్షకు 0.90 విశ్వసనీయత కనీసావసరమని జమ్ నన్నలీ 1978లో రాసినది ఈ లెక్క ఆధారంగానే. ఉద్యోగ నియామకాల్లో, విద్యార్థుల ఎంపికలో, వైద్య నిర్ధారణలో పది ప్రశ్నల ఫలితాన్ని వాడటం సమర్థించరాని పని.

ఇన్ని చెప్పినా ప్రత్యామ్నాయాలకు కరువేమీ లేదు. 2006లో బ్రెంట్ డొనెలన్ బృందం తెచ్చిన 20 అంశాల శోధిక, 2017లో క్రిస్టఫర్ సోటో, ఒలివర్ జాన్ ప్రచురించిన 30, 15 అంశాల రూపాలు, మరో రెండు మూడు నిమిషాలు వెచ్చించగలిగినవారికి అందుబాటులో ఉన్నాయి. ఒకే మనిషి గురించి తెలిసిన ముగ్గురు నలుగురి చేత పొట్టి ప్రశ్నావళిని నింపించి సగటు తీస్తే యాదృచ్ఛిక దోషం కొంత తగ్గుతుంది. నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో విలియం రెవెల్ బృందం అనుసరించిన మార్గం ఇంకా ఆసక్తికరమైనది: పెద్ద ప్రశ్నల నిధి నుంచి ఒక్కొక్కరికి యాదృచ్ఛికంగా కొన్ని ప్రశ్నలే ఇచ్చి, వేలాదిమంది సమాధానాలను కలిపి ప్రశ్నల మధ్య సంబంధాలను గణిస్తారు, ఎవరికీ విసుగు పుట్టకుండానే గుణపు విస్తృతి అంతా కొలతలోకి వస్తుంది.

గోస్లింగ్ బృందం తమ శోధిక పొడవైన వాటికి దీటు కాదనీ, మరీ పొట్టి కొలత తప్పనప్పుడు, నాణ్యతలో తగ్గుదలను భరించగలిగినప్పుడు మాత్రమే వాడదగినదనీ 2003లోనే స్పష్టంగా రాసింది. దాన్ని విచ్చలవిడిగా వాడినవారు ఆ షరతును వదిలేశారు. తెలుగునాట విశ్వవిద్యాలయాల్లో పరిశోధన చేస్తున్నవారూ, వారికి మార్గదర్శకత్వం వహిస్తున్న అధ్యాపకులూ పొట్టి ప్రశ్నావళిని ఎంచుకున్నప్పుడు, అసలు అధ్యయనానికి ముందు ఓ యాభై అరవై మందికి దాన్ని తెలుగులో ఇచ్చి, నాలుగైదు వారాల తరువాత వాళ్లకే మళ్లీ ఇచ్చి, అలా వచ్చిన పునఃపరీక్షా గుణకాన్ని, ప్రతి జత అంశాల సహసంబంధాన్ని సిద్ధాంత గ్రంథంలో ప్రకటించాలి.